బర్న్‌అవుట్ కథ: అలసిపోయిన మనిషిని చూడాలా, అలసిపోయేలా చేసిన పనిని చూడాలా?

 

2023 అక్టోబర్‌లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు ఒక పాడ్‌కాస్ట్‌లో మాట్లాడుతూ, మన దేశంలో యువత వారానికి 70 గంటలు పని చేయాలన్నారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ, జపాన్ వాళ్లు అలా కష్టపడే లేచి నిలబడ్డారని ఆయన వాదన. దాని మీద ఎంత రచ్చ జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. కొంతమంది "కరెక్టే, మా నాన్న జీవితమంతా అలాగే కష్టపడ్డాడు" అన్నారు. కొంతమంది మీమ్స్ చేశారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ గారు 90 గంటలన్నారు. మళ్లీ అదే రచ్చ, మళ్లీ అవే మీమ్స్.

అంత గొడవలో ఒక చిన్న ప్రశ్న పెద్దగా ఎవరికీ తట్టలేదు. వారానికి 70 గంటలు పని చేయిస్తే ఏం జరుగుతుందో ఎవరైనా ఎప్పుడైనా లెక్కకట్టి చూశారా?

చూశారండీ. వందేళ్ల క్రితమే ఆ లెక్కలు కాగితం మీద పెట్టారు. ఇవాళ కథ అక్కడి నుంచి మొదలుపెడదాం. పని ఒత్తిడి గురించి, బర్న్‌అవుట్ గురించి శాస్త్రవేత్తలు ఏం వెతికారు, ఏం దొరికింది, దొరికినదాన్ని మనం ఏం చేశాం. అదీ ఈ ఎపిసోడ్.

గుండ్ల ఫ్యాక్టరీలు, 1915

మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. బ్రిటన్‌కి ఫిరంగి గుండ్లు సరిపోవడం లేదు. మగవాళ్లు చాలామంది సైన్యంలోకి వెళ్లిపోవడంతో ఫ్యాక్టరీల్లోకి వేలాదిమంది ఆడవాళ్లు వచ్చారు. పని రోజుకు 12 గంటలు, చాలాచోట్ల ఆదివారం కూడా సెలవు లేదు. దేశం ప్రమాదంలో ఉంది కాబట్టి ఎంత ఎక్కువసేపు పని చేస్తే అన్ని ఎక్కువ గుండ్లు వస్తాయి అన్నది అందరి లెక్క. మామూలు గుణింతమే కదా. గంటకు 10 చేస్తే, 10 గంటలకు 100.

కానీ 1915లో ప్రభుత్వం గుండ్ల కార్మికుల ఆరోగ్యం మీద ఒక కమిటీ వేసింది. సర్ జార్జ్ న్యూమన్ దానికి అధ్యక్షుడు. హెచ్.ఎం. వెర్నన్ లాంటి పరిశోధకులు ఫ్యాక్టరీల్లోకి వెళ్లి, ఏ వారం ఎవరు ఎన్ని గంటలు పని చేశారు, ఎన్ని వస్తువులు తయారుచేశారు అని రాసుకోవడం మొదలుపెట్టారు. ఎవరి అభిప్రాయాలూ కాదు, ఉత్త అంకెలు.

ఆ అంకెలు గుణింతాన్ని తప్పని తేల్చాయి. గంటలు తగ్గించినచోట ఉత్పత్తి తగ్గాల్సింది పోయి, కొన్ని పనుల్లో మొత్తం ఉత్పత్తి పెరిగింది. ఆదివారం పని ఆపేయడం మంచిదని కమిటీ చెప్పింది. కార్మికుల మీద జాలితో చెప్పిన మాట కాదది. గుండ్ల సంఖ్య కోసం చెప్పిన మాట.

ఆ పాత అంకెల్ని దాదాపు వందేళ్ల తర్వాత స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త జాన్ పెన్‌కావెల్ మళ్లీ బయటకు తీసి, ఇప్పటి గణాంక పద్ధతులతో పరిశీలించారు. ఆయనకు కనిపించింది ఇది: వారానికి సుమారు 49 గంటల దాకా, గంటలు పెరిగిన కొద్దీ ఉత్పత్తి అదే నిష్పత్తిలో పెరుగుతుంది. అది దాటాక పెరుగుదల మందగిస్తుంది. ఇంకా ముందుకెళ్తే, 70 గంటలు పని చేసినప్పుడు వచ్చిన ఉత్పత్తికీ 56 గంటలకు వచ్చినదానికీ పెద్ద తేడా లేదు.

ఒక్కసారి ఆగి ఆలోచించండి. మధ్యలో 14 గంటలున్నాయి. దాదాపు రెండు పని రోజులు. ఆ మనుషులు ఆ 14 గంటలూ యంత్రం ముందు నిలబడే ఉన్నారు. ఇంటికి పోలేదు, పిల్లల్ని చూసుకోలేదు, నిద్ర పోలేదు. దానికి బదులు దేశానికి దక్కింది దాదాపు ఏమీ లేదు.

ఇది ఫ్యాక్టరీ లెక్క, కోడ్ రాసేవాళ్లకు ఇదే అంకె వర్తిస్తుందని నేను చెప్పను. కానీ గంటలు పెంచితే ఫలితం పెరుగుతుందన్నది నిరూపించాల్సిన విషయమే తప్ప, దానంతటదే నిజమైపోదు అని మాత్రం 1915 నుంచీ మనకు తెలుసు.

బొగ్గు గని నుంచి అహ్మదాబాద్ దాకా

సరే, గంటలే సమస్యా? గంటలు తగ్గిస్తే అంతా బాగుపడుతుందా? తర్వాతి తరం పరిశోధకులకు ఎదురైన ప్రశ్న ఇది. వాళ్లకు జవాబు ఒక బొగ్గు గనిలో దొరికింది.

లండన్‌లో టావిస్టాక్ ఇన్‌స్టిట్యూట్ అని ఒక పరిశోధన సంస్థ ఉంది. అక్కడి ఎరిక్ ట్రిస్ట్, కెన్ బామ్‌ఫర్త్ కలిసి 1951లో ఒక పేపర్ ప్రచురించారు. బామ్‌ఫర్త్ స్వయంగా గనిలో ఏళ్ల తరబడి పని చేసిన మనిషి. ఆ పేపర్ విషయం ఏంటంటే, పాత పద్ధతిలో ఇద్దరో ముగ్గురో మనుషులు ఒకరినొకరు ఎంచుకుని జట్టుగా దిగేవారు. బొగ్గు కొట్టడం నుంచి ఎత్తిపోయడం దాకా పని మొత్తం వాళ్లదే. ఎంత వేగంగా చేయాలో వాళ్లే చూసుకునేవారు. యంత్రాలు వచ్చాక అదే పనిని ముక్కలు చేసి మూడు షిఫ్టులకు పంచారు. ఒక షిఫ్టు కోస్తుంది, ఒక షిఫ్టు యంత్రాలను జరుపుతుంది, ఒక షిఫ్టు ఎత్తిపోస్తుంది. ముందు షిఫ్టు వాళ్లు సరిగ్గా చేయకపోతే ఆ తలనొప్పి తర్వాతి షిఫ్టుకి. వాళ్లు ఎవరో కూడా వీళ్లకు సరిగ్గా తెలీదు.

డెవలప్‌మెంట్ టీమ్, టెస్టింగ్ టీమ్, సపోర్ట్ టీమ్ అని మూడు చోట్ల, మూడు టైమ్ జోన్లలో పని చేసినవాళ్లకు నేను ఇంకా వివరించాల్సిన అవసరం లేదనుకుంటా.

గనిలో ఏమైంది? గైర్హాజరు ఎక్కువైంది, మనుషులకు మానసిక ఇబ్బందులు వచ్చాయి, షిఫ్టుల మధ్య నిందలు పెరిగాయి. కొత్త యంత్రాల నుంచి ఆశించిన ఉత్పత్తి కూడా రాలేదు. మనుషులు వాళ్లే, బొగ్గు అదే. మారింది పని అమరిక ఒక్కటే.

ఇక్కడ మన దేశం కథలోకి వస్తుంది. అదే టావిస్టాక్ నుంచి ఎ.కె. రైస్ అనే పరిశోధకుడు 1953లో అహ్మదాబాద్ వచ్చారు. సారాభాయ్ కుటుంబానికి చెందిన క్యాలికో మిల్లులో కొత్తగా ఆటోమేటిక్ మగ్గాలు పెట్టారు. కానీ అనుకున్నంత గుడ్డ రావడం లేదు, వచ్చిన దాంట్లో పాడైనది ఎక్కువగా ఉంటోంది. రైస్ చూస్తే అక్కడా అదే కథ. ఒకడు దారం అతుకుతాడు, ఒకడు నూనె వేస్తాడు, ఒకడు ఇంకేదో చేస్తాడు. ఎవరి పని వాళ్లదే, కానీ ఏ మగ్గం మంచిచెడ్డలకూ ఎవరూ బాధ్యులు కారు.

ఆయన ఒక ఆలోచన చెప్పారు. చిన్న చిన్న జట్లుగా ఏర్పడి, ఒక్కో జట్టు కొన్ని మగ్గాల బాధ్యత పూర్తిగా తీసుకుంటే ఎలా ఉంటుంది? కార్మికులు ఆ మాట అందుకుని, ఎవరు ఎవరితో ఉండాలో వాళ్లే తేల్చుకున్నారు. మొదట్లో ఒడిదుడుకులు వచ్చినా, కుదురుకున్నాక ఉత్పత్తి పెరిగింది, పాడయ్యే గుడ్డ తగ్గింది. 1970లో ఎరిక్ మిల్లర్ అనే మరో పరిశోధకుడు మళ్లీ వెళ్లి చూస్తే, ఒక షెడ్డులో ఆ పద్ధతి ఇంకా బతికే ఉంది. మిగతా చోట్ల మార్కెట్ ఒత్తిళ్లకు, పైవాళ్ల పద్ధతులకు నెమ్మదిగా పాత దారికి వెళ్లిపోయింది.

అంటే 1950ల నాటికే రెండు సంగతులు తెలిసిపోయాయి. ఒకటి, ఎన్ని గంటలు అన్నది ముఖ్యం. రెండు, ఆ గంటల్లో మన పని మీద మన మాట ఎంత చెల్లుతుంది అన్నది కూడా అంతే ముఖ్యం.

న్యూయార్క్ ఉచిత క్లినిక్, 1974

ఇంతవరకూ పరిశోధకులు చూసింది గనుల్ని, మిల్లుల్ని. మరి మనుషులతో మనుషులు చేసే పనుల సంగతేంటి? డాక్టర్లు, నర్సులు, టీచర్లు, సమాజ సేవ చేసేవాళ్లు? బర్న్‌అవుట్ అనే మాట పుట్టింది వీళ్ల దగ్గరే.

హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. నాజీల కాలంలో చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడే పారిపోయి అమెరికా చేరారు. కష్టపడి చదువుకుని న్యూయార్క్‌లో సైకాలజిస్ట్ అయ్యారు. 1970ల మొదట్లో ఆయన పగలంతా తన క్లినిక్‌లో పని చేసి, సాయంత్రం నుంచి సెయింట్ మార్క్స్ ఫ్రీ క్లినిక్ అనే ఉచిత వైద్యశాలలో వాలంటీర్‌గా చేసేవారు. అక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది డ్రగ్స్‌కి అలవాటుపడిన కుర్రాళ్లు, డబ్బుల్లేనివాళ్లు. ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి దాటేది.

అలా కొన్నాళ్లు గడిచాక ఆయన, తోటి వాలంటీర్లు ఒకరి తర్వాత ఒకరు కూలబడిపోవడం మొదలైంది. ఫ్రాయిడెన్‌బర్గర్ తన పరిస్థితి అర్థం చేసుకోవడానికి ఒక పని చేశారు. టేప్ రికార్డర్ ముందు కూర్చుని తన గోడు చెప్పుకున్నారు. తర్వాత దాన్ని వేరే పేషెంట్ మాటల్లాగా వెనక్కి తిప్పి విన్నారు. ఆయనకు వినిపించింది అలసట ఒక్కటే కాదు, బోలెడంత కోపం కూడా.

1974లో ఆయన దీని మీద ఒక పేపర్ రాశారు. దానికి "బర్న్‌అవుట్" అని పేరు పెట్టారు. వీధుల్లో డ్రగ్స్ వల్ల లోపలంతా కాలిపోయినట్టు మిగిలిన మనుషుల గురించి వాడే మాట అది. తలనొప్పులు, ఎంతకీ వదలని జలుబు, నిద్ర పట్టకపోవడం, చిన్నదానికే చిరాకు, అందరి మీదా అనుమానం, ఎక్కువసేపు పని చేస్తూ తక్కువ సాధించడం, ఇవన్నీ ఆయన రాసిన లక్షణాలు.

ఆ పేపర్‌లో నాకు బాగా పట్టుకున్న విషయం ఒకటుంది. ఎవరికి బర్న్‌అవుట్ వస్తుంది అన్న ప్రశ్నకు ఆయన జవాబు, పని మీద మనసు పెట్టినవాళ్లకే అని. బద్ధకస్తులకు కాదు. మంట వెలిగినచోటే కదా ఆరిపోయేది. పరిష్కారంగా ఆయన చెప్పినవి కూడా చూడండి. పని గంటలకు హద్దు పెట్టండి, ఒకే మనిషిని ఒకే కష్టమైన పనిలోకి మళ్లీ మళ్లీ తోయకండి, అవసరమైతే కొన్నాళ్లు పూర్తిగా సెలవిచ్చి పంపండి. ఇవన్నీ క్లినిక్ నడిపేవాళ్లు చేయాల్సిన పనులు.

కొలత దొరికింది

ఫ్రాయిడెన్‌బర్గర్ పేరు పెట్టారు, కథ చెప్పారు. కానీ సైన్స్‌కి కథ సరిపోదు, కొలత కావాలి. ఆ కొలత తయారుచేసినావిడ క్రిస్టినా మాస్లాక్.

ఆవిడ పేరు మీరు ఇంకోచోట విని ఉండొచ్చు. 1971లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఫిలిప్ జింబార్డో ఒక నకిలీ జైలు ప్రయోగం చేశారు. విద్యార్థుల్లో కొందరిని ఖైదీలుగా, కొందరిని గార్డులుగా పెట్టారు. గార్డులు రోజురోజుకీ క్రూరంగా తయారవుతున్నారు. అది చూసి, ఆ కుర్రాళ్లకు మీరు చేస్తున్నది దారుణం అని జింబార్డో ముఖం మీదే గట్టిగా చెప్పింది అప్పుడే పీహెచ్‌డీ పూర్తిచేసిన మాస్లాక్. రెండు వారాలు సాగాల్సిన ప్రయోగం ఆరు రోజులకే ఆగిపోయింది.

తర్వాత ఆవిడ బర్కిలీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీకి వెళ్లి, మనుషుల బాధల మధ్య రోజూ పని చేసేవాళ్లు తమ భావోద్వేగాలను ఎలా తట్టుకుంటారో ఇంటర్వ్యూలు చేయడం మొదలుపెట్టారు. ఆ సంగతులు ఒక లాయర్‌తో చెబుతుంటే, పేదల కేసులు చూసే లాయర్లు దీన్ని బర్న్‌అవుట్ అంటారు అని ఆ లాయర్ అన్నారట. ఫ్రాయిడెన్‌బర్గర్‌కి వీధిలో దొరికిన మాటే ఈవిడకి కోర్టు పక్కన దొరికింది. అంటే పేరు పెట్టే పని సైన్స్ కంటే ముందు జనమే చేసుకున్నారు.

1981లో మాస్లాక్, సుసాన్ జాక్సన్ కలిసి 22 వాక్యాల ప్రశ్నావళి ఒకటి ప్రచురించారు. ఒక్కో అనుభవం ఎంత తరచుగా కలుగుతుందో, "ఎప్పుడూ లేదు" దగ్గర్నుంచి "ప్రతిరోజూ" దాకా గుర్తు పెట్టాలి. అంతకుముందు దాన్ని ఒక జర్నల్‌కి పంపితే, మేం పాపులర్ సైకాలజీ వేసుకోం అని చదవకుండానే తిప్పి పంపారని ఆవిడ చెబుతారు. ఈరోజు ప్రపంచంలో బర్న్‌అవుట్ మీద జరిగే పరిశోధనలో ఎక్కువగా వాడేది ఆ ప్రశ్నావళినే.

అది మూడు విషయాలు కొలుస్తుంది. మొదటిది, మనసులో ఇంక ఇవ్వడానికి ఏమీ మిగల్లేదన్నంత అలసట. రెండోది, ఎదుటి మనిషిని మనిషిగా చూడలేకపోవడం. డాక్టర్‌కి పేషెంట్ కాస్తా "7వ నంబర్ బెడ్" అయిపోవడం, సపోర్ట్‌లో ఉన్నవాడికి కస్టమర్ కాస్తా "ఇంకో టికెట్" అయిపోవడం. మూడోది, నేను చేసేదానివల్ల ఎవరికీ ఏ ఉపయోగమూ లేదన్న భావన. 1996లో మిగతా ఉద్యోగాలకీ పనికొచ్చేలా ఇంకో రూపం తెచ్చారు. అందులో రెండోది, పని మీదే నమ్మకం పోయి ఎగతాళిగా చూడడంగా మారింది. "ఏ ప్రాజెక్ట్ అయితే ఏంటి, ఎలాగూ మూసేస్తారు" అని లంచ్‌లో మనం నవ్వుకుంటాం చూడండి, అది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. అలసట ఒక్కటే ఉంటే అది అలసటే, రెండు రోజులు నిద్రపోతే పోవచ్చు. మూడూ కలిసి వస్తేనే బర్న్‌అవుట్. అందుకే గోవా వెళ్లొచ్చాక కూడా సోమవారం పొద్దున్నే లాప్‌టాప్ తెరవగానే గుండె జారిపోతుంది. సెలవు అలసటను తీర్చగలదు గానీ, పని మీద పోయిన నమ్మకాన్ని తీసుకురాలేదు.

బాస్‌కి గుండెపోటు వస్తుందా, ప్యూన్‌కి వస్తుందా?

ఇదే కాలంలో ఇంకో దారిలో వెళ్తున్న పరిశోధన ఒకటుంది. అది నేరుగా గుండెనే చూసింది.

1979లో రాబర్ట్ కారసెక్ స్వీడన్, అమెరికా ఉద్యోగుల సమాచారంతో ఒక పేపర్ రాశారు. పని భారం ఎక్కువగా ఉండటం ఒక్కటే మనిషిని దెబ్బతీయదు, భారం ఎక్కువై చేతిలో నిర్ణయం తక్కువైనప్పుడు అసలు దెబ్బ తగులుతుంది అని ఆయన చెప్పారు. డెడ్‌లైన్ వాళ్లే పెడతారు, ఎలా చేయాలో వాళ్లే చెబుతారు, తేడా వస్తే మాత్రం బాధ్యత నీది. ఈ కలయిక ప్రమాదం. అదే భారం ఉండి, ఎలా చేయాలో నిర్ణయించే స్వేచ్ఛ కూడా ఉంటే మనిషి నేర్చుకుంటాడు, ఎదుగుతాడు.

లండన్‌లో ప్రభుత్వ ఆఫీసులుండే వీధి పేరు వైట్‌హాల్. మన సెక్రటేరియట్ అనుకోండి. 1967లో అక్కడి 17 వేలకు పైగా మగ ఉద్యోగుల ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనించడం మొదలుపెట్టారు. అప్పట్లో అందరి నమ్మకం ఏంటంటే, పెద్ద పెద్ద బాధ్యతలు మోసే ఆఫీసర్లకే గుండెపోట్లు ఎక్కువ వస్తాయని. ఫలితం తలకిందులుగా వచ్చింది. ఫైళ్లు మోసేవాళ్లు, గుమ్మం దగ్గర నిలబడేవాళ్లు, అంటే అట్టడుగు గ్రేడ్ వాళ్లు, పై గ్రేడ్ వాళ్లతో పోలిస్తే మూడు రెట్లకు పైగా గుండెజబ్బుతో చనిపోయారు. పైగా మెట్టు మెట్టుకీ తేడా ఉంది. ఒక మెట్టు కిందికి దిగితే రిస్క్ ఒక మెట్టు పైకి. సిగరెట్లు, బీపీ, కొలెస్టరాల్ అన్నీ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడాలో సగం కూడా అర్థం కాలేదు.

1985లో మైకేల్ మార్మట్ నాయకత్వంలో 10,308 మంది ఉద్యోగులతో రెండో అధ్యయనం మొదలైంది. ఈసారి ఆడవాళ్లు కూడా ఉన్నారు. పని మీద ఎంత అదుపు ఉంది అని కూడా అడిగారు. 1997లో వచ్చిన ఫలితాల్లో, గ్రేడ్ల మధ్య గుండెజబ్బు తేడాను వివరించిన అంశాల్లో అన్నిటికంటే పెద్దది పని మీద అదుపు లేకపోవడమే. వీళ్లు ఆకలితో ఉన్న మనుషులు కారు. స్థిరమైన ప్రభుత్వ ఉద్యోగం, పెన్షన్, ఉచిత వైద్యం అన్నీ ఉన్నవాళ్లు.

గంటల సంగతి కూడా మర్చిపోవద్దు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి వేసిన లెక్క ప్రకారం, వారానికి 55 గంటలు, అంతకు మించి పని చేసేవాళ్లకు, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 2016 ఒక్క ఏడాదిలో దీర్ఘ పని గంటల ఖాతాలో పడిన మరణాలు సుమారు 7,45,000.

తెలిసింది, కానీ ఏం చేశాం?

2019 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణలో బర్న్‌అవుట్‌కి కొత్త నిర్వచనం ఇచ్చింది. బర్న్‌అవుట్ ఇప్పుడు జబ్బు అని టీవీల్లో వచ్చేసింది. రెండు రోజుల్లోనే ఆ సంస్థ సర్దిచెప్పాల్సి వచ్చింది: ఇది వైద్యపరమైన జబ్బు కాదు, ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితి మాత్రమే అని. ఆ నిర్వచనంలో ఉన్నది దాదాపు మాస్లాక్ చెప్పిన ఆ మూడు విషయాలే. పని చోట దీర్ఘకాలంగా ఉండి, సరిగ్గా నిర్వహించబడని ఒత్తిడి దీనికి మూలం అని రాశారు.

నిర్వహించబడని అన్నారు. ఎవరు నిర్వహించాలి? అది మాత్రం రాయలేదు. ఆ ఖాళీలోకే కంపెనీలు మన పేరు రాసేశాయి.

నేను ఉద్యోగం చేసే రోజుల్లో ఒకచోట రిలీజ్ వారం మధ్యలో "ఒత్తిడిని జయించడం ఎలా" అని సెషన్ పెట్టారు. గంటన్నర, హాజరు తప్పనిసరి. ఆ గంటన్నర పని రాత్రి కూర్చుని చేసుకున్నాం. ఇలాంటివి మీ అందరి దగ్గరా ఉంటాయి. యోగా క్లాసు, ధ్యానం యాప్, ఫ్రైడే ఫన్, ఒక మగ్గు, మగ్గు మీద ఒక సూక్తి.

యోగాను ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. ధ్యానం చేస్తే మనసుకు మంచిదే. కానీ బర్న్‌అవుట్‌కి అది మందుగా పని చేస్తుందా అన్నది పరీక్షించిన విషయం. 2017లో డాక్టర్ల బర్న్‌అవుట్ మీద జరిగిన 19 అధ్యయనాలను, మొత్తం 1,550 మంది డాక్టర్ల సమాచారాన్ని కలిపి చూశారు. డాక్టర్‌ని మార్చడానికి చేసిన ప్రయత్నాల కంటే, షిఫ్టులు, పని భారం, పని విధానం లాంటివి సంస్థ వైపు నుంచి మార్చిన ప్రయత్నాలకు ఎక్కువ ఫలితం కనిపించింది. 2024లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ బ్రిటన్‌లోని 233 సంస్థల్లో 46,336 మంది ఉద్యోగుల సమాచారం చూశారు. ఒత్తిడి నిర్వహణ క్లాసులు, ధ్యానం యాప్‌లు లాంటివాటిలో పాల్గొన్నవాళ్లకూ పాల్గొననివాళ్లకూ మధ్య చెప్పుకోదగ్గ మేలు ఏదీ కనిపించలేదు. స్వచ్ఛంద సేవకు అవకాశమివ్వడం ఒక్కటే కాస్త మినహాయింపు.

మరి మనిషి పాత్ర అసలు లేదా? ఉంది. ఒకే టీమ్‌లో, ఒకే మేనేజర్ కింద ఒకరు కూలిపోతారు, ఒకరు నిలబడతారు. స్వభావం, ఇంటి పరిస్థితి, అప్పులు, ఆరోగ్యం అన్నీ లెక్కలోకి వస్తాయి. బర్న్‌అవుట్‌కీ డిప్రెషన్‌కీ నిజంగా అంత తేడా ఉందా అని రెన్జో బియాంకి, ఇర్విన్ షోన్‌ఫెల్డ్ లాంటి పరిశోధకులు గట్టిగా వాదిస్తున్నారు, ఆ చర్చ ఇంకా తేలలేదు. కానీ ఒకే గదిలో పదిమందిలో ఆరుగురికి ఊపిరాడకపోతే, మనం ముందు ఆ ఆరుగురి ఊపిరితిత్తుల్ని పరీక్షిస్తామా, కిటికీ తెరుస్తామా?

ఆరు ప్రశ్నలు

మాస్లాక్, మైకేల్ లైటర్ 1997లో రాసిన పుస్తకంలో పనికీ మనిషికీ పొంతన ఎక్కడ చెడుతుందో ఆరు చోట్లు చూపించారు. వాటిని నా మాటల్లో ప్రశ్నలుగా మార్చి చెబుతా. రాసుకోండి.

ఒకటి, పని భారం: ఉన్న మనుషులతో, ఉన్న టైమ్‌లో ఈ పని అసలు అవుతుందా? రెండు, అదుపు: ఎలా చేయాలో చెప్పే హక్కు నాకుందా? మూడు, ప్రతిఫలం: జీతమే కాదు, చేసిన పనిని ఎవరైనా గుర్తిస్తున్నారా? నాలుగు, తోటివాళ్లు: ఇబ్బంది వస్తే అడగడానికి ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ఐదు, న్యాయం: ప్రమోషన్, రేటింగ్, లీవ్ అందరికీ ఒకే తూకమేనా? ఆరు, విలువలు: నేను తప్పు అనుకునే పని నాతో చేయిస్తున్నారా?

ఈ ఆరింటిలో గంటలు అన్నది ఒకటో ప్రశ్నలో ఒక భాగం మాత్రమే. అందుకే 70 గంటలా, 40 గంటలా అన్న చర్చలో మనం ఇరుక్కుపోతే మిగతా ఐదూ అడగకుండానే మిగిలిపోతాయి. అలాగని గంటల్ని వదిలేయలేం కూడా. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ కేబినెట్ రోజు పని పరిమితిని 9 నుంచి 10 గంటలకు పెంచాలని నిర్ణయించింది. జూలైలో తెలంగాణ వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా అనుమతించింది, వారానికి 48 గంటల పరిమితి ఉంచుతూ, దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలంటూ. ఆ 48 అన్న అంకె కాగితం మీద ఉండటం చిన్న విషయం కాదు. వెర్నన్ అంకెల్లో ఉత్పత్తి మందగించడం మొదలైన 49కి అది ఎంత దగ్గరో చూడండి. ఆ అంకె కాగితం మీద నుంచి మన షిఫ్టుల్లోకి వస్తుందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

మీరు టీమ్ లీడ్ అయితే, మేనేజర్ అయితే, ఒక్క మాట. ఈసారి మీ టీమ్‌లో బాగా చేసే కుర్రాడో అమ్మాయో ఉన్నట్టుండి మౌనంగా అయిపోతే, మీటింగుల్లో కెమెరా ఆపేసి కూర్చుంటే, "నీకేమైంది" అని అడిగే ముందు ఈ ఆరు ప్రశ్నలు మీరు నడిపే పనిని అడగండి. గత మూడు నెలల్లో ఆన్‌కాల్ ఎన్నిసార్లు వాళ్లకే పడింది, వాళ్లు వద్దన్న డెడ్‌లైన్లు ఎన్ని ఒప్పుకున్నాం, ఒకసారి క్యాలెండర్ తీసి చూడండి. జవాబు చాలాసార్లు అక్కడే ఉంటుంది.

ఇక మీరే ఆ మౌనంగా అయిపోయిన మనిషి అయితే, ఫ్రాయిడెన్‌బర్గర్ చేసినట్టు ఒక్కసారి మీ గోడు మీరే రికార్డ్ చేసుకుని వినండి. వేరే ఎవరైనా అలా చెబితే మీరు "నువ్వు చేతకానివాడివి" అంటారా? అనరు కదా. నిద్ర, తిండి పూర్తిగా దెబ్బతిన్నా, బతకాలని అనిపించకపోయినా అది ఆఫీసు సమస్యగా వదిలేయకండి. డాక్టర్‌ని కలవండి. టెలీ మానస్ నంబర్ 14416, ఉచితం, తెలుగులో కూడా మాట్లాడతారు, ఏ టైమ్‌లోనైనా.

వచ్చే ఎపిసోడ్‌లో నిద్ర మీద జరిగిన పరిశోధనల కథ చెప్పుకుందాం. అప్పటిదాకా, వీలైతే ఈరోజు టైమ్‌కి ఇంటికి వెళ్లండి. ఉంటానండీ.